పురుగును చంపెడి బూజు: మందువలె గాక విత్తనమువలె వాడవలసిన వస్తువు

మార్గశిర పుష్యమాసములలో మంచు దట్టముగా కురిసిన ఉదయమున పొలమునకు పోయిన రైతునకు ఒక్కొక్కప్పుడొక వింత కనబడును. మొక్కజొన్న సుడిలోగాని వేరుసెనగ ఆకుమీదగాని లద్దెపురుగు ఒకటి కదలక మెదలక అంటుకొనియుండును. తాకిచూచిన పుల్లవలె బిరుసుగా నుండును. ఒడలెల్ల తెల్లని బూజు. కొన్ని దినములు గడచిన పిమ్మట ఆ తెలుపు లేతపచ్చని పొడిగా మారును. ఆ మడిలో మందు కొట్టినవారు లేరు. పక్షి పొడిచిన జాడయు లేదు. మరి ఆ పురుగును చంపినదెవరు?

చంపినది ఆ బూజే. చచ్చిన పురుగునకు బూజు పట్టినదని మనము తలంతుము. నిజమునకు బూజు పట్టినందువలననే పురుగు చచ్చినది. ఈ భేదమును గ్రహించినవారికి మేము చెప్పబోవు తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల సభ్యులలో కొందరు "బూజుమందు కొంటిమి, కొట్టితిమి, పనిచేయలేదు" అని చెప్పగా వినుచున్నాము. మరికొందరు దానివలననే పంట దక్కినదనుచున్నారు. ఇరువురి మాటయు నిజమే. భేదము వాడిన తీరులో నున్నది. రసాయనపు మందు ప్రాణములేని వస్తువు. ఎండలో పెట్టినను, మధ్యాహ్నము చల్లినను, దాని పని అది కొంత చేసికొని పోవును. బూజు ప్రాణమున్న వస్తువు. దానికి చావు కలదు, మొలక కలదు, తరుణము కలదు. కావున దీనిని మందువలె గాక విత్తనమువలె చూడవలెనని సభ్యులకు మనవి చేయుటయే మా యుద్దేశము.

ఈ విద్య పుట్టిన విధము

ఈ సంగతిని లోకమునకు తెలియజేసినది పట్టుపురుగు. ఇటలీ దేశమున పట్టుపురుగులు ఒడలెల్ల సున్నము పూసినట్లై గుంపులుగా చచ్చుచుండెను. ఆగొస్టీనో బస్సీ అను పండితుడు అనేక సంవత్సరములు శ్రమించి, ఆ వ్యాధికి కారణము ఒక సూక్ష్మమైన బూజేయనియు, అది ఒక పురుగునుండి మరియొకదానికి అంటుననియు 1835వ సంవత్సరమున ప్రకటించెను. బవేరియా బాసియానా అను నేటి పేరు ఆయన స్మారకముగా వచ్చినదే.

పెంచుకొను పురుగును చంపునట్టి బూజు పంటను తిను పురుగును మాత్రమేల చంపరాదు? నాటి రష్యా సామ్రాజ్యములోని ఒడెస్సా ప్రాంతమున గోధుమపైరును పాడుచేయుచుండిన పెంకుపురుగులపై ఇల్యా మెచ్నికాఫ్ అను శాస్త్రజ్ఞుడు 1879వ సంవత్సరమున ఒక పచ్చబూజును ప్రయోగించి చూచెను. అదియే నేడు మెటారైజియం అను పేర మనకు దొరకుచున్నది. ఇక మూడవది లెకానిసిలియం. దీనిని 1898వ సంవత్సరమున జావా ద్వీపమునందు కాఫీచెట్ల పొలుసుపురుగుపైనుండి వర్ణించిరి. పొట్లములమీద దీని పాతపేరైన వర్టిసిలియము అనునది ఇప్పటికిని కనబడుచుండును. రెండును ఒకటే యని సభ్యులు గుర్తింపవలెను.

రైతు ఈ మూడు పేర్లను జ్ఞాపకముంచుకొన్న చాల వరకు చాలును. లద్దెపురుగులకును గొంగళిపురుగులకును బవేరియా. పెంకుపురుగులకును, నేలలో మెసలు వేరుపురుగులకును మెటారైజియము. పేనుబంక, తెల్లదోమ, గోగునకు పట్టు పిండినల్లి మొదలగు రసము పీల్చు పురుగులకు లెకానిసిలియము.

అది పనిచేయు తీరు

బూజునకు విత్తనములవంటి సూక్ష్మకణములు కలవు. వానిని సిద్ధబీజములందురు. సిద్ధబీజము పురుగు చర్మముపై పడి అంటుకొనును. తేమ దొరకినయెడల సుమారొక దినములో మొలకెత్తును. ఆ మొలక చర్మమును కరగించు రసములను స్రవించి, సందు చేసికొని లోనికి దిగును. పురుగు రక్తములో పెరిగి దాని సారమును పీల్చివేయును. మూడు మొదలు ఏడెనిమిది దినములలో పురుగు చచ్చును. గాలిలో తేమ యున్నయెడల బూజు మరల వెలుపలికి వచ్చి, క్రొత్త సిద్ధబీజములను పండించును. అవి గాలికిని వానకును ఎగసి వేరు పురుగులను చేరును. ఒక గింజ చల్లిన కంకి వచ్చుట యనగా ఇదియే.

పేనుబంక విషయమున దీనికొక విశేషము కలదు. పేనుబంక ఆకును కొరికి తినునది కాదు. ముక్కు గ్రుచ్చి లోపలి రసమును పీల్చునది. బీటీ అను సూక్ష్మజీవియు, లద్దెపురుగులకు వాడు ఎన్.పి.వి. అను వైరసును పురుగు కడుపులోనికి పోయిననేగాని పనిచేయవు. ఆకుమీద చల్లినదానిని తినని పేనును అవి యేమియు చేయజాలవు. బూజునకు పురుగు నోటితో పనిలేదు. చర్మము తగిలిన చాలును. పేనుబంకవంటి పురుగులకు సూక్ష్మజీవులలో బూజులే తగిన శత్రువులగుటకు కారణమిదియే.

మినుముపై పేనుబంక: పరుగుపందెము

మన జిల్లాలలో వరి కోతకు ముందే పదునుమీద చల్లు మినుము, పెసర చేలయందు పేనుబంక ఎంతటి చేటో సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. తల్లిపేను మగదానితో పనిలేకయే పిల్లలను కనును. ఆ పిల్ల వారము పదిదినములలో తానును తల్లియగును. నేడు నాలుగు కొనలమీద కనబడినది పక్షము గడచునప్పటికి చేనంతయు నిండుట ఇందువలననే.

పేను తల్లియగుటకు వారము. బూజు పేనును చంపుటకు నాలుగైదు దినములు. ఈ పందెములో ముందుగా బయలుదేరినవారిదే గెలుపు. కొనలు ముడుచుకొని, బంక కారి, ఆకులు మసిబారిన పిమ్మట బూజును తెచ్చి చల్లి, మూడవనాడు చేనికి పోయి "పేను చావలేదు" అనుట న్యాయము కాదు. చేనిలో అక్కడక్కడ కొనలమీద పేను కనబడిన నాడే చల్లవలెను. చీమలు మొక్కలనెక్కి దిగుచుండుట కూడ పేను చేరినదనుటకొక గుర్తు. చీమలు ఆ బంకకై వచ్చును.

గ్రామునకు 10 కోట్ల సిద్ధబీజములు గల పొడిని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలుపవలెను. ఎకరమునకు 200 లీటర్లు పట్టునెడల 1 కిలో పొడి కావలెను. పేను లేత కొనలయందును, ఆకుల అడుగునను ఉండును గనుక పిచికారి మూతిని క్రిందినుండి పైకి త్రిప్పి తడుపవలెను. పిల్లపేను పొర విడిచినపుడు మొలకెత్తని బీజములు ఆ పొరతోకూడ రాలిపోవును. అందువలన వారము పదిదినములలో రెండవమారు చల్లుట అవసరము.

ఉద్దానపు కొబ్బరి చెప్పు పాఠము

ఈ విషయమున మన ప్రాంతమునకు దగ్గరి నిదర్శనము కొబ్బరి తెల్లదోమ. ఇది బెలీజ్ మొదలగు మధ్య అమెరికా దేశముల పురుగు. మన దేశమున మొదట 2016వ సంవత్సరములో తమిళనాటి పొల్లాచి ప్రాంతమున కనబడినది. ఆకుల అడుగున చుట్టలు చుట్టలుగా గ్రుడ్లు పెట్టును గనుక దీనికి సర్పిలాకార తెల్లదోమ యని పేరిడిరి. అటుపిమ్మట ఇది గోదావరి జిల్లాల తోటలను పట్టి, క్రమముగా ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట మొదలగు మన ఉద్దానపు తోటలకును చేరినది.

ఉద్దానమప్పటికే దెబ్బతిని యుండెను. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను తాతలనాటి చెట్లను నేల గూల్చినది. కొబ్బరి చెట్టు కూలిన మరల మొక్క నాటి కాపు చూచుటకు ఏండ్లు పట్టును. మిగిలిన చెట్లమీదనే కుటుంబములు కన్నులు పెట్టుకొనియుండగా, ఆ చెట్ల ఆకులడుగున తెల్లని మైనపు పొడియు, పైని నల్లని మసియు కనబడిన రైతుకు ఆందోళన కలుగుట సహజము. బలమైన విషమును తెచ్చి కొట్టవలెనను తలంపు కలుగుటయు సహజమే.

కాని శాస్త్రజ్ఞులు విషము వలదని చెప్పిరి. కారణమేమనగా, ఈ తెల్లదోమ వెంబడి దాని శత్రువును మన తోటలలో విస్తరించినది. ఎన్కార్సియా అను కంటికానని కందిరీగజాతి పురుగు తెల్లదోమ పిల్లలలో తన గ్రుడ్లను పెట్టి వానిని చంపును. విషము కొట్టిన తెల్లదోమ కొంత చచ్చును. ఎన్కార్సియా మాత్రము పూర్తిగ చచ్చును. కొన్నాళ్లకు తెల్లదోమ అడ్డులేక మరల విజృంభించును.

తెల్లదోమను తగ్గించి, దాని శత్రువును కాపాడు ఉపాయముగా బూజు అక్కరకు వచ్చినది. బెంగుళూరులోని జాతీయ వ్యావసాయిక కీటక వనరుల సంస్థవారు ఐసేరియా ఫ్యూమోసోరోజియా అను బూజునందు పి.ఎఫ్.యు.-5 అను రకమును ఎన్నుకొనిరి. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రమువారు దానిని పెంచి కొబ్బరి రైతులకందించిరి. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున, 15 దినముల యెడమున, ఆకుల అడుగుభాగము తడియునట్లు దీనిని చల్లవలెను. పైనున్న మసికి వేరు మందక్కరలేదు. నూటికొక వంతు గంజి కలిపిన నీటిని చల్లినయెడల అది యెండి, మసితోకూడ పొరలుపొరలుగా ఊడిపోవును.

తుపాను మిగిల్చిన మరియొక బెడద కొమ్ముపురుగు. కూలిన మ్రాకులు క్రుళ్లినచోటను, గత్తపు కుప్పలయందును ఇది గ్రుడ్లు పెట్టును. చెట్టు మొవ్వులోని పెంకుపురుగును వెదకుటకంటె, కుప్పలోని దాని పిల్లలను చంపుట సులభము. అక్కడ ఎండ తగులదు; తేమ యెప్పుడునుండును; బూజునకు అంతకంటె మంచి నేల లేదు. ఘనమీటరు గత్తమునకు 50 వేల కోట్ల మెటారైజియము సిద్ధబీజములు వేయవలెనని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. గ్రామునకు 10 కోట్లున్న పొడియైనయెడల 5 కిలోలు సరిపోవును. నీటిలో కలిపి కుప్పపై పోసి, తిరుగవేసి, తడియారకుండ చూచుకొనవలెను.

మొక్కజొన్న కత్తెరపురుగు

2018వ సంవత్సరముననే కర్ణాటకలో తొలుత బయలుపడి, మన విజయనగరము, శ్రీకాకుళము మొక్కజొన్న చేలను కూడ పట్టిన కత్తెరపురుగు విషయమునను బూజునకు పాత్ర కలదు. విత్తిన 15 మొదలు 25 దినములలోపల మెటారైజియము పొడిని లీటరునకు 5 గ్రాముల చొప్పున కలిపి సుడిలో పడునట్లు పోయవలెననియు, 10 దినముల యెడమున మరల ఒకటి రెండు మారులు వేయవలెననియు భారత వ్యవసాయ పరిశోధనా మండలివారు సలహా యిచ్చిరి. ఇచటను ముఖ్యమైనది కాలమే. చిన్నపురుగు బూజునకు లొంగును. ముదిరిన పురుగు సుడిలో లోతుగ చేరి, తన రెట్టతో దారి మూసికొని కూర్చుండును.

విత్తనమువలె చూచుట యనగా నేమి?

మొదటిది, కొనుటయందు జాగ్రత్త. విత్తనపు సంచిపై తేదీ చూచినట్లే పొట్లముపై తయారైన తేదీ, గడువు తేదీ, గ్రామునకు సిద్ధబీజముల లెక్క, 1968వ సంవత్సరపు క్రిమిసంహారక మందుల చట్టము క్రింది రిజిస్ట్రేషను సంఖ్య చూడవలెను. ఇవి లేని పొట్లమును తీసికొనరాదు. రేకుల కప్పు క్రింద, వేసవియెండకు మాడుచున్న అరలో నెలల తరబడి పడియున్న పొట్లమును మేమే చూచియున్నాము. గడువు తేదీ దాటకున్నను అట్టి దానిలో ప్రాణమెంత మిగులును? వేగిన గింజ మొలవనట్లే అదియు మొలవదు.

రెండవది, నిలువ. ఎండ తగులని చల్లని గదిలో, తడి చొరకుండ మూతిగట్టి ఉంచవలెను. ఎరువుల బస్తాలతోను, విషపు మందులతోను కలిపి ఉంచరాదు. పంటకు కావలసిన వారములో తెచ్చుకొనుట అన్నిటికంటె మేలు.

మూడవది, చల్లు వేళ. సూర్యకిరణములు సిద్ధబీజములను కొన్ని గంటలలోనే చంపును. కావున సాయంకాలము ఎండ తగ్గిన పిమ్మటనే చల్లవలెను. రాత్రి మంచు పడును. తెల్లవారునప్పటికి మొలకకు దారి ఏర్పడును. తేనెటీగలు పూలపై తిరుగు వేళయు తప్పిపోవును. ఇరువది మొదలు ముప్పది డిగ్రీల వేడిమియు, గాలిలో నూటికి ఎనుబది వంతులకు మించిన తేమయు దీనికనుకూలము. మన తీరప్రాంతమునకు వానకాలమును, మంచుకాలమును ఇందుకు తగినవే. వైశాఖపు వడగాలులలో చల్లుట డబ్బును గాలిలో పారవేయుటయే.

నాలుగవది, కలుపు విధము. పొడిని ముందుగా కొద్ది నీటిలో గంటసేపు నానబెట్టి, పలుచని గుడ్డలో వడగట్టి, పిమ్మట పిచికారీలో పోయవలెను. తెగుళ్లకు వాడు మందులు బూజును చంపుటకే పుట్టినవి. కార్బండిజము, మాంకోజెబు, మైలుతుత్తము మొదలగువానితో దీనిని కలిపినయెడల మన చేతులతో మనమే విత్తనమును చంపుకొన్నట్లగును. వానిని వాడవలసివచ్చినచో వారము పదిదినముల యెడమియ్యవలెను. ఆ మందులు వాడిన పిచికారీని బాగుగ కడుగక దీనికి వాడరాదు.

ఐదవది, ఎవరికి వలదో తెలిసికొనుట. పట్టుపురుగులు పెంచువారు తమ మల్బరీ తోటల దాపున బవేరియాను చల్లరాదు. బస్సీ చూచిన చావు వారి యింటనే కలుగవచ్చును. మనుష్యులకును పశువులకును ఇది విషము కాదు. అయినను పొడి కంటిలోను ముక్కులోను పడి బాధింపవచ్చును గనుక ముఖమునకు గుడ్డ కట్టుకొని కలుపవలెను.

ఇది చేయజాలని పనులును కలవు. కాండములో దూరిన తొలుచుపురుగును ఇది అంటలేదు. చేనంతయు నిండిన పురుగును రాత్రికి రాత్రి దించలేదు. చల్లిన మరునాడు ఫలము కోరువారికిది తగినది కాదు. చల్లిన ఏడవనాడు పోయి, బిరుసెక్కి బూజుపట్టిన పురుగులెన్ని కలవో లెక్కించువారికే దీని విలువ తెలియును.

సంఘము చేయవలసిన పని

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క రైతు చేయదగినది. కాని తెల్లదోమకు గట్లు లేవు. రెక్కలు మొలచిన పేనునకు సరిహద్దురాయి తెలియదు. ఒకరు బూజు చల్లి పురుగు శత్రువులను కాపాడుచుండగా, ప్రక్క చేనివారు విషము కొట్టినయెడల ఇరువురి కష్టమును వ్యర్థమగును. ఒకరి గత్తమును శుద్ధిచేసి, పదిమంది గత్తములను విడిచినయెడల కొమ్ముపురుగు ఆ పదింటనుండి వచ్చును. కనుక ఇది సంఘము పని.

దక్షిణ కేరళలో కాయంకుళముననున్న కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థ ప్రాంతీయ కేంద్రమువారి శిక్షణతో అచటి మహిళా బృందములు సగముడికిన బియ్యముమీద మెటారైజియమును పెంచి, ఊరి గత్తపు కుప్పలన్నిటికిని వేయించినవి. శుభ్రతయు, పరిశోధనాశాలనుండి తెచ్చిన మూలబీజమును, కొంత శిక్షణయు నున్నయెడల ఇది గ్రామమున సాధ్యమేయని దీనివలన తెలియుచున్నది. జీవనియంత్రణపై జరుగు అఖిల భారత పరిశోధనలకు అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానమొక కేంద్రము. శ్రీకాకుళము జిల్లావారికి ఆమదాలవలసలోను, విజయనగరము ప్రాంతమువారికి రస్తాకుంటుబాయిలోను కృషి విజ్ఞాన కేంద్రములు కలవు. సంఘములు వీరినాశ్రయించి సలహా పొందవచ్చును.

కావున సంఘములు చేయదగిన పనులు నాలుగు. సభ్యుల అవసరమును ముందుగ వ్రాసికొని, పంటకాలమునకు సరిగా ఒక్కసారి సరకు తెప్పించుట. దానికి చల్లని అర ఒకటి ఏర్పరచుట. బూజునకు మాత్రమే వాడు పిచికారీలు రెండు సంఘమున నుంచి వంతులవారీగా ఇచ్చుట. ఏ చేనిలో, ఏ తేదీన, ఎంత చల్లిరి, ఏడవనాడేమి కనబడెనను సంగతులకు ఒక పుస్తకముంచుట. ఆ పుస్తకము రెండేండ్లు నడచినయెడల పొట్లముమీది మాటకంటె మన నేల చెప్పిన మాట మనకెక్కువ ఉపయోగపడును.

1904వ సంవత్సరమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిననాటినుండి మనము అప్పుకొరకు ఒక్కటియగుట నేర్చుకొంటిమి. పురుగుకొరకు ఒక్కటియగుట ఇంకను నేర్చుకొనవలసియున్నది.

తొలి యేట ఎవరును చేనంతయు దీనికొప్పగింపనక్కరలేదు. పావు ఎకరమున చల్లి చూడుడు. తక్కినదానితో పోల్చి చూడుడు. ఈ మంచుకాలమున మీ చేనిలో తెల్లగనో పచ్చగనో బూజు పట్టిన పురుగు కనబడినయెడల దానిని నలిపివేయకుడు. ఆకుమీదనే యుండనిండు. మరునాటి మంచులో అది మీ పొలమునకు కూలిలేని విత్తనము చల్లును.